అమెరికాలో సోషలిస్టు గెలవగలడు... ఏలగలడా?

తనను సోషలిస్టునని చెప్పుకునే జొహ్రాన్ మమ్దానీ 2025 నవంబరు 4న న్యూయార్క్ మేయర్‌గా గెలిచాక మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు తిరిగాయి. అమెరికా కూడా ఎర్రబడుతోందని కొందరి సంబరం. న్యూయార్క్ పని అయిపోయింది, డబ్బున్నవాళ్లంతా ఫ్లోరిడాకు మకాం మార్చేస్తారని ఇంకొందరి టెన్షన్. రెండింటిలోనూ ఉన్న పొరపాటు ఒకటే. పదవి గెలిస్తే అధికారం చేతికొచ్చినట్టేనని ఇద్దరూ అనుకున్నారు. మన దగ్గర అది చాలావరకు నిజం. అసెంబ్లీలో మెజారిటీ ఉంటే ముఖ్యమంత్రి మాటకు తిరుగుండదు. అమెరికాలో మాత్రం పదవికీ అధికారానికీ మధ్య చాలా దూరం ఉంది. అక్కడి సోషలిస్టులు నూట పాతికేళ్లుగా ఆ దూరం దాటడానికే తంటాలు పడుతున్నారు.

సోషలిస్టు అనగానే మనకు ఎర్రజెండా, భూపోరాటం, కార్మిక సంఘం గుర్తొస్తాయి. మమ్దానీ, సెనేటర్ బెర్నీ శాండర్స్, న్యూయార్క్ కాంగ్రెస్ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ లాంటివాళ్లు ఎన్నికల్లో అడిగేది అంత దూరం పోదు. అద్దెలు పెరగకుండా ఆపాలి, బస్సు ఉచితం చేయాలి, చిన్నపిల్లల సంరక్షణ ఖర్చు ప్రభుత్వం భరించాలి, అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉండాలి, ఇందుకోసం బాగా డబ్బున్నవాళ్ల మీద పన్ను పెంచాలి. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ తీసేసిన మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఎవరూ సోషలిస్టులని పిలవడం లేదు మరి!

సొంత పార్టీ పెట్టుకుని గెలవొచ్చు కదా అని అడగొచ్చు. ఆ ప్రయత్నమూ జరిగింది. 1901లో సోషలిస్టు పార్టీ ఆఫ్ అమెరికా పుట్టింది. రైల్వే కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్ మొత్తం అయిదుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. 1912లో ఆయనకు 9 లక్షల ఓట్లు వచ్చాయి, అంటే పోలైనవాటిలో 6 శాతం. ఇవాళ రిపబ్లికన్లకు కంచుకోట అయిన ఓక్లహోమాలో ఆయన వాటా 16 శాతం దాటింది. దేశమంతటా వెయ్యికి పైగా స్థానిక పదవులు ఆ పార్టీ చేతిలో ఉండేవి. విస్కాన్సిన్‌లోని మిల్వాకీ నగరమైతే 1910 నుంచి 1960 దాకా ముగ్గురు సోషలిస్టు మేయర్లను చూసింది. వాళ్లలో డేనియల్ హోన్ ఒక్కడే 24 ఏళ్లు ఆ కుర్చీలో ఉన్నాడు. విప్లవం మాట అటుంచి నీళ్లు, డ్రైనేజీ, పార్కులు, ప్రజారోగ్యం చూసుకున్నారు కాబట్టి సొంత పార్టీలోని వాళ్లే వీళ్లను మురుగుకాల్వ సోషలిస్టులని ఎగతాళి చేశారు. మిల్వాకీ ఓటర్లకు అందులో తప్పేమీ కనిపించలేదు.

అయినా పార్టీ నిలబడలేదు. అందులో ఓట్ల లెక్కది పెద్ద పాత్ర. ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొస్తే వారే విజేత అనే పద్ధతిలో, రాష్ట్రమంతా పలుచగా పరచుకున్న పార్టీకి ఓట్లు మిగులుతాయి గానీ సీట్లు రావు. ఇది మనకు తెలియంది కాదు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీకి దాదాపు 31 శాతం ఓట్లు వచ్చాయి. 196 సీట్ల సభలో దక్కినవి 15. ప్రత్యర్థులంతా ఒక్కటైతే ఇలాగే ఉంటుంది. డెబ్స్‌కు వచ్చిన 6 శాతానికి, రాష్ట్రాల వారీగా లెక్కించి అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో ఒక్కటి కూడా రాలేదు.

మనకూ వాళ్లకూ తేడా ఒకటుంది. మన పార్లమెంటరీ పద్ధతిలో చిన్న పార్టీకీ బేరమాడే బలం ఉంటుంది. 2004లో దాదాపు అరవై మంది ఎంపీలున్న వామపక్షాలు యూపీఏకు బయటి నుంచి మద్దతిచ్చి, ఉపాధి హామీ లాంటి చట్టాల్లో తమ మాట చెల్లించుకున్నాయి. అమెరికాలో అధ్యక్షుడిని సభ ఎన్నుకోదు, సభ దించలేదు (అభిశంసన వేరే కథ). ప్రభుత్వం నిలబడటానికి ఎవరి మద్దతూ అక్కర్లేదు కాబట్టి మూడో పార్టీకి అమ్ముకోవడానికి సరుకే ఉండదు. ఎన్నికల రోజు ఓట్లు చీల్చి, ఎక్కువ దూరంగా ఉన్న శత్రువును గెలిపించడమే దానికి మిగిలిన పని.

ఇక రెండో దెబ్బ ప్రభుత్వం నుంచే పడింది. మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 1918 జూన్‌లో ఒహాయోలోని కాంటన్‌లో ఉపన్యాసం ఇచ్చినందుకు డెబ్స్‌కు పదేళ్ల జైలు పడింది. 1920లో ఆయన అట్లాంటా జైల్లో ఖైదీగా ఉంటూనే పోటీ చేసి మళ్లీ 9 లక్షల ఓట్లు తెచ్చుకున్నాడు. మిల్వాకీ నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన విక్టర్ బెర్గర్ కథ ఇంకా విచిత్రం. 1918లో గెలిస్తే ప్రతినిధుల సభ ఆయనకు సీటివ్వలేదు. ఖాళీ అయిన సీటుకు ఉప ఎన్నిక పెడితే మళ్లీ ఆయనే గెలిచాడు. సభ మళ్లీ పొమ్మంది. 1920లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ, ఎన్నికై వచ్చిన అయిదుగురు సోషలిస్టు సభ్యులనూ ఒకేసారి బహిష్కరించింది. ఆ కాలపు భయం పూర్తిగా పోలేదు. పౌరసత్వం దరఖాస్తు నింపిన మనవాళ్లను అడిగితే చెబుతారు, కమ్యూనిస్టు పార్టీతో మీకు సంబంధం ఉందా అన్న ప్రశ్న అందులో ఇప్పటికీ ఉంది.

సొంత పార్టీ దారి ఇలా మూసుకుపోతున్న రోజుల్లోనే మరో దారి దొరికింది. దాని పేరు ప్రైమరీ. దీన్ని అర్థం చేసుకోకపోతే మమ్దానీ గెలుపు ఒక వింతగానే మిగిలిపోతుంది.

మన దగ్గర టికెట్ ఇచ్చేది హైకమాండ్. బీ-ఫారం చేతికి రాకపోతే ఎంత పేరున్న నాయకుడైనా రెబల్‌గా నిలబడాల్సిందే. అమెరికాలో బీ-ఫారం అనేదే లేదు. పార్టీ అభ్యర్థి ఎవరో ఆ పార్టీ ఓటర్లే ముందస్తు ఎన్నికలో తేలుస్తారు. కావలసినన్ని సంతకాలు తెచ్చుకుంటే ఎవరైనా పోటీకి దిగొచ్చు. పార్టీ పెద్దలకు అభ్యర్థి నచ్చకపోయినా గెలిచాక ఆపే మార్గం వాళ్లకు ఉండదు. పైగా ప్రైమరీలో ఓటేసేవాళ్లు తక్కువ. కాబట్టి ఇంటింటికీ తిరిగే కార్యకర్తల బలం ఉన్న చిన్న గుంపు కూడా పెద్ద పార్టీ గుర్తును చేజిక్కించుకోగలదు.

ఈ కిటుకును అందరికన్నా ముందు, అందరికన్నా బాగా వాడినవాళ్లు నగరాల మేధావులు కాదు, నార్త్ డకోటా గోధుమ రైతులు. వాళ్ల పంట మినియాపోలిస్ వ్యాపారుల గిడ్డంగులకు వెళ్లేది. అక్కడ గింజ నాణ్యత తక్కువని గ్రేడు తగ్గించడం, తరుగు తీయడం, రైల్వే వాళ్లు ఇష్టమొచ్చినంత చార్జీ వేయడం, బ్యాంకు వడ్డీ. మిర్చి యార్డులోనో పత్తి జిన్నింగ్ మిల్లు దగ్గరో నిలబడ్డ మన రైతుకు ఇందులో ఒక్క ముక్క కూడా విడమరచి చెప్పక్కర్లేదు. ఆర్థర్ టౌన్లీ అనే ఆయన అవిసె పంట వేసి దివాలా తీసిన రైతు. సోషలిస్టు పార్టీలో సంస్థాగత పని చేసి బయటికొచ్చాడు. రైతులకు సోషలిస్టుల డిమాండ్లు నచ్చుతున్నాయి, పార్టీలో చేరమంటే మాత్రం జంకుతున్నారని ఆయన గమనించాడు. 1915లో నాన్‌పార్టిజన్ లీగ్ పెట్టి, ఫోర్డు కార్లలో పొలం పొలం తిరిగి సభ్యుల్ని చేర్చాడు. ఆ రాష్ట్రంలో గెలిచేది రిపబ్లికన్లే కాబట్టి లీగ్ తన మనుషులను రిపబ్లికన్ ప్రైమరీలోనే దించింది.

1916లో లిన్ ఫ్రేజియర్ అనే రైతు గవర్నర్ అయ్యాడు. 1918 ఎన్నికలతో రెండు సభలూ లీగ్ చేతికొచ్చాయి. 1919లో చట్టాలు చకచకా వచ్చాయి. ప్రభుత్వ బ్యాంకు, ప్రభుత్వ పిండిమిల్లు, ధాన్యం గిడ్డంగి, వడగళ్ల వానకు పంట బీమా. రెండేళ్లు తిరక్కుండానే వ్యతిరేకులు బలం పుంజుకున్నారు. 1921లో రీకాల్ ఎన్నిక పెట్టి ఫ్రేజియర్‌ను పదవి నుంచి దించేశారు. అమెరికాలో అలా పదవి పోగొట్టుకున్న మొదటి గవర్నర్ ఆయనే. కానీ అదే ఎన్నికలో బ్యాంకును ఎత్తేద్దామన్న ప్రతిపాదనను ఓటర్లు తిరస్కరించారు. లీగ్ ఎప్పుడో చెదిరిపోయింది. బ్యాంక్ ఆఫ్ నార్త్ డకోటా ఇవాళ్టికీ నడుస్తోంది, గ్రాండ్ ఫోర్క్స్‌లో పిండిమిల్లూ నడుస్తోంది. ఆ రాష్ట్రం ట్రంప్‌కు కళ్లు మూసుకుని ఓటేసే రాష్ట్రం. అక్కడ ఎవరూ దాన్ని సోషలిజం అనరు, మా బ్యాంకు అంటారు.

నా దృష్టిలో అమెరికా సోషలిస్టులు సాధించిన గెలుపుల్లో ఇదే అన్నిటికన్నా గట్టిది. దానికి కారణం ఉపన్యాసాలు కాదు. గవర్నర్ పదవి, శాసనసభ, సెనేట్ మూడూ ఒకేసారి వాళ్ల చేతిలో ఉన్న కొద్దికాలంలో చట్టాలు చేసుకున్నారు. ఆ మూడూ ఒకచోట కలవకపోతే ఏమవుతుందో తర్వాతి కథలన్నీ చూపిస్తాయి.

1934లో రచయిత అప్టన్ సింక్లెయిర్ ఇదే దారిలో కాలిఫోర్నియా గవర్నర్ పదవికి వెళ్లాడు. అంతకుముందు సోషలిస్టు గుర్తు మీద నిలబడితే పట్టించుకోనివాళ్లు, డెమోక్రాటిక్ ప్రైమరీలో ఆయన్ను గెలిపించారు. అసలు ఎన్నికలో సొంత పార్టీ పెద్దలే చేతులెత్తేశారు, హాలీవుడ్ స్టూడియోలు ఆయనకు వ్యతిరేకంగా కల్పిత న్యూస్‌రీళ్లు తీసి థియేటర్లలో వేశాయి. ఆయన ఓడిపోయాడు.

అసలు దెబ్బ మరో వైపు నుంచి వచ్చింది. అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1935లో వృద్ధాప్య పింఛను చట్టం, కార్మిక సంఘాల హక్కుల చట్టం తెచ్చాడు. సోషలిస్టులు ఏళ్లుగా అడుగుతున్నవే. వాళ్ల అభ్యర్థి నార్మన్ థామస్‌కు 1932లో 8 లక్షల 80 వేల ఓట్లు దాటాయి. 1936కు అవి 1 లక్షా 88 వేలకు పడిపోయాయి. మన దగ్గరా ఇలాంటిది జరిగింది. 1955 జనవరిలో ఆవడి మహాసభలో కాంగ్రెస్ సోషలిస్టు తరహా సమాజం తన లక్ష్యమని తీర్మానం చేసింది. మరుసటి నెలలో ఆంధ్ర ఎన్నికలు. కమ్యూనిస్టుల కాళ్ల కింద నేల లాగేసిన కారణాల్లో అదీ ఒకటి. పెద్ద పార్టీ మీ నినాదం ఎత్తుకుపోతే అది మీ ఓటమా, విజయమా అన్నది ఎవరి కోసం రాజకీయం చేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. పింఛను అందుకున్న ముసలాయనకు అది ఎవరి మేనిఫెస్టోలో మొదట వచ్చిందన్నది పట్టదు.

తర్వాతి నలభై ఏళ్లు వేగంగా దాటేయొచ్చు. కోల్డ్‌వార్, కమ్యూనిస్టులన్న అనుమానంతో మనుషులను వేటాడిన మెకార్తీ కాలం. సోషలిస్టు అన్న మాటే రాజకీయంగా ఆత్మహత్య. 1981లో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ అనే చిన్న ఊళ్లో బెర్నీ శాండర్స్ అనే స్వతంత్ర అభ్యర్థి 10 ఓట్ల తేడాతో మేయర్ అయ్యాడు. 1982లో డెమోక్రాటిక్ సోషలిస్ట్స్ ఆఫ్ అమెరికా, క్లుప్తంగా డీఎస్ఏ, ఏర్పడింది. ఇది పార్టీ కాదు. సభ్యత్వం, చందా ఉన్న సంఘం. తన సభ్యులను ఎక్కువగా డెమోక్రాటిక్ ప్రైమరీల్లో దించుతుంది. 2015 నాటికి దీనికి ఆరేడు వేల మంది సభ్యులు ఉండేవారేమో. 2016లో శాండర్స్ హిల్లరీ క్లింటన్ మీద ప్రైమరీకి దిగి కోటీ 30 లక్షల ఓట్లు, దాదాపు 43 శాతం తెచ్చుకున్నాక ఆ సంఖ్య పెరుగుతూ 2021కి 90 వేలు దాటింది.

2020లో ఆయన ఇంకా దగ్గరికొచ్చాడు. ఫిబ్రవరిలో నెవాడాలో ఘనంగా గెలిచాడు. వారం తిరిగేసరికి సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లు, జో బైడెన్ వైపు మొగ్గారు. వెంటనే మిగతా మితవాద అభ్యర్థులు ఒక్కొక్కరే తప్పుకుని బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. ప్రత్యర్థులు అరడజను మంది ఉన్నంతకాలం 30 శాతం ఓటు చాలు. వాళ్లు ఏకమైతే చాలదు. 1955 లెక్కే ఇదీ.

ప్రైమరీ గెలిచినా పని అయిపోదని 2021లో బఫెలో నగరం చూపించింది. ఇండియా వాల్టన్ అనే సోషలిస్టు నర్సు అక్కడ నాలుగుసార్లు గెలిచిన మేయర్ బైరన్ బ్రౌన్‌ను డెమోక్రాటిక్ ప్రైమరీలో ఓడించింది. నవంబరు బ్యాలెట్ మీద ఉన్న పేరు ఆమెది ఒక్కటే. బ్రౌన్ ఊరుకోలేదు. బ్యాలెట్ మీద పేరు చేత్తో రాసి ఓటేయొచ్చన్న నిబంధన పట్టుకుని ప్రచారం చేశాడు. రాయడం కష్టమనుకునేవాళ్లకు తన పేరున్న రబ్బరు స్టాంపులు పంచాడు. వ్యాపారులు, రిపబ్లికన్లు, పాత డెమోక్రాట్లు ఒక్కటై ఆయన్నే గెలిపించారు.

డబ్బు సంగతి చెప్పనక్కర్లేదు గానీ ఒక్క ఉదాహరణ. 2024లో న్యూయార్క్ శివార్లలో జమాల్ బోమన్ అనే వామపక్ష కాంగ్రెస్ సభ్యుడిని ప్రైమరీలో ఓడించడానికి ఇజ్రాయెల్ అనుకూల లాబీకి చెందిన ఒక్క కమిటీయే కోటీ 40 లక్షల డాలర్లకు పైగా ఖర్చు పెట్టింది. ప్రైమరీ తలుపు ఎవరైనా నెట్టుకుని రావొచ్చంటే, అవతలివాళ్లూ రావొచ్చనే కదా.

మరి మమ్దానీ ఎలా గెలిచాడు? ఉగాండాలోని కంపాలాలో పుట్టిన 34 ఏళ్ల కుర్రాడు, సినీ దర్శకురాలు మీరా నాయర్ కొడుకు. ప్రైమరీలో మాజీ గవర్నర్ ఆండ్రూ కువోమోను ఓడించాడు. కువోమో స్వతంత్రుడిగా మళ్లీ పోటీకొచ్చాడు, అంటే బఫెలో ఆటే. ఈసారి అది పారలేదు. కారణాలు చాలా ఉన్నా మూడు ముఖ్యమనిపిస్తాయి. న్యూయార్క్‌లో అద్దె అనేది అందరి నెత్తిన ఉన్న బరువు కాబట్టి అతను దాన్నే ముందుపెట్టి ప్రచారం చేశాడు. ఊరివాళ్లు ఇచ్చే చిన్న చందాకు నగరం ఎనిమిది రెట్లు కలిపి ఇస్తుంది, కాబట్టి కోటీశ్వరుల దగ్గరికి వెళ్లక్కర్లేకపోయింది. ప్రైమరీలో ఓటరు ఇష్టాలను వరుసగా రాసే పద్ధతి ఉండటంతో ఓట్లు చీలతాయన్న బెదిరింపు పనిచేయలేదు. చివరికి 20 లక్షలు దాటిన పోలింగులో 10 లక్షలకు పైగా ఓట్లతో సగానికి కొంచెం ఎక్కువే తెచ్చుకున్నాడు.

అదే నెలలో సియాటిల్‌లోనూ తనను సోషలిస్టుగా చెప్పుకునే కేటీ విల్సన్ మేయర్‌గా గెలిచింది. ఆ ఊరి నగరపాలక ఎన్నికల్లో పార్టీ గుర్తులే ఉండవు. అందుకే పుణెలో పుట్టిన క్షమా సావంత్ ఏ పెద్ద పార్టీ అండా లేకుండా 2013లోనే అక్కడి కౌన్సిల్‌కు ఎన్నికై పదేళ్లు ఉంది. కులవివక్షను నిషేధించిన మొదటి అమెరికా నగరంగా 2023లో సియాటిల్‌ను నిలిపింది ఆమె తెచ్చిన చట్టమే. అక్కడి ఐటీ కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్ల మధ్య దాని మీద ఎంత వాదన జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

నగరాలు దక్కుతున్నాయి, సరే. నగరంలో ఉండే అధికారం ఎంత? మమ్దానీ హామీలనే తీసుకోండి. దాదాపు 10 లక్షల నియంత్రిత అద్దె ఇళ్లకు ఏటా పెంపు ఎంతో తేల్చే బోర్డులో తొమ్మిది మందినీ మేయరే నియమిస్తాడు. కాబట్టి అద్దె ఆపడం కొంతవరకు అతని చేతిలో పనే. బస్సులు నడిపే ఎమ్‌టీఏ రాష్ట్ర సంస్థ. ధనవంతుల ఆదాయపు పన్ను పెంచాలంటే రాష్ట్ర రాజధాని ఆల్బనీలో శాసనసభ, సెనేట్, గవర్నర్ ముగ్గురూ ఒప్పుకోవాలి. అప్పు చేసి రోజువారీ ఖర్చులు నడపడం నగరానికి కుదరదు, బడ్జెట్ సరితూగాల్సిందే. జీహెచ్ఎంసీ మేయర్‌కన్నా న్యూయార్క్ మేయర్‌కు అధికారాలు చాలా ఎక్కువ, అది నిజం. అయినా పెద్ద తాళాలు ఆల్బనీలోనే ఉన్నాయి.

వాషింగ్టన్‌కు వెళ్తే తాళాలు ఇంకా పెరుగుతాయి. సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే. 6 లక్షల జనాభా కూడా లేని వయోమింగ్‌కూ ఇద్దరు, దాదాపు 4 కోట్లున్న కాలిఫోర్నియాకూ ఇద్దరు. సోషలిస్టులకు బలమున్న చోట్లు పెద్ద నగరాలు. సెనేట్‌కు నగరాల లెక్క పట్టదు. మామూలు బిల్లు ముందుకు కదలాలంటే వందలో 60 ఓట్లు కావాలి. అది దాటినా, జీవితకాలం కుర్చీలో ఉండే తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు కొట్టేయొచ్చు. శాండర్స్ అధ్యక్షుడైపోయినా అందరికీ ఆరోగ్య బీమా బిల్లు ఆ సెనేట్‌లో నెగ్గేది కాదు.

అమెరికన్లకే సోషలిజం ఇష్టం లేదన్న వాదన సగమే నిజం. 2025 గాలప్ సర్వేలో దేశం మొత్తం మీద సోషలిజం పట్ల సదభిప్రాయం ఉన్నవాళ్లు 39 శాతం. డెమోక్రాట్లలో మాత్రం 66 శాతం, పెట్టుబడిదారీ విధానాన్ని మెచ్చినవాళ్లకన్నా ఎక్కువ. అంటే ప్రైమరీ గెలవడానికి సరిపడా ఇష్టం ఉంది, దేశమంతా గెలవడానికి సరిపడా లేదు. ఈ తేడాలోనే ఒకాసియో-కోర్టెజ్ లాంటివాళ్ల భవిష్యత్తు ఇరుక్కుని ఉంది. మమ్దానీకైతే ఆ ప్రశ్నే లేదు. అమెరికాలో పుట్టనివాడు అధ్యక్షుడు కాలేడు.

అందుకే నన్నడిగితే అధ్యక్ష ఎన్నికకన్నా రాష్ట్ర శాసనసభల మీద కన్నేయడం తెలివైన పని. న్యూయార్క్ శాసనసభలో డీఎస్ఏ సభ్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అయినా 2019లో అద్దెదార్ల రక్షణ చట్టం, 2021లో కోటీశ్వరుల మీద పన్ను పెంపు వచ్చినప్పుడు లోపల పట్టుబట్టినవాళ్లలో వాళ్లున్నారు. అలాంటి సీట్లు ఇంకో ఇరవై ముప్ఫై పెరిగితే గవర్నర్ ఎవరైనా బేరానికి దిగక తప్పదు. మేయర్ పదవికి వచ్చిన ప్రచారంలో పదోవంతు కూడా వాటికి రాదు. న్యూయార్క్ రాష్ట్ర ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది, నగరానిది జులై 1న. మమ్దానీ హామీల్లో ఎన్ని బతుకుతాయో ఏటా ఆ రెండు తేదీలకు ముందు జరిగే బేరసారాల్లోనే తెలుస్తుంది.